నది ఎవరిది, కాపలా ఎవరిది? – హౌటన్ ఫిషింగ్ క్లబ్ చరిత్ర: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ ప్రాంతంలో ప్రవహించే టెస్ట్ నదిపై 1822లో హౌటన్ ఫిషింగ్ క్లబ్ ఏర్పడింది. కృత్రిమమైన ఈగను గాలానికి కట్టి ట్రౌట్ చేపను పట్టే వినోదవేటకు ఈ క్లబ్ పేరుపొందింది. దీని చరిత్రలో పరస్పరవిరుద్ధంగా తోచే రెండు అంశాలున్నాయి. మొదటిది, నదిలోని చేపను కొద్దిమంది సంపన్నుల సొత్తుగా నిలిపి ఇతరులను దూరంగా ఉంచడం. రెండవది, ఆ నదిని, అందులోని జీవజాలాన్ని తరతరాలుగా కనిపెట్టుకొని ఉండడం. ఈ రెండింటి మధ్య సంబంధాన్ని క్లబ్ ఆవిర్భావం, వేటనియమాల పరిణామం, నది కాపరుల శ్రమ, ఆంగ్ల న్యాయస్థానాల తీర్పులు ఆధారంగా పరిశీలించి, అదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన పరిణామాలతో పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టెస్ట్ నది, హౌటన్ క్లబ్, ట్రౌట్, ఫ్లై ఫిషింగ్, చేపలవేట హక్కు, నీలగిరులు, 1897 మత్స్యచట్టం.

1. ఉపోద్ఘాతం:

చేపలవేట చరిత్రను సాధారణంగా జీవనోపాధి చరిత్రలో భాగంగా అధ్యయనం చేస్తారు. వల, మావు, గాలం, పడవ, సంత అనే పదాలు ఆ చరిత్రకు ఆనవాళ్లు. వినోదం కోసం సాగే వేటకు వేరొక చరిత్ర ఉంది. అందులో చేప ఆహారంగా కంటే హోదాకు గుర్తుగా, నైపుణ్యానికి పరీక్షగా కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఈ వినోదవేటకు సుదీర్ఘమైన గ్రంథసంప్రదాయం ఉంది. జూలియానా బర్నర్స్ అనే సన్యాసిని పేరిట ప్రచారంలో ఉన్న గాలపువేట గ్రంథం 1496లో ముద్రణ పొందింది. ఐజాక్ వాల్టన్ రచించిన ‘ది కంప్లీట్ యాంగ్లర్’ 1653లో వెలువడింది. 1676 నాటి ముద్రణలో చార్లెస్ కాటన్ ట్రౌట్ వేటను గురించిన భాగాన్ని దానికి చేర్చాడు.

ఈ గ్రంథాల్లో గాలపువేట ఒంటరి మనిషి ఏకాంతవ్యాపకంగానో, ఇద్దరు మిత్రుల సంభాషణగానో కనిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దిలో అది సంస్థారూపం దాల్చింది. సభ్యత్వం, చందా, నియమావళి, కాపలాదారు, లెక్కల పుస్తకం వచ్చి చేరాయి. ఈ మార్పును గ్రహించడానికి హౌటన్ క్లబ్ తగిన ఉదాహరణ.

2. సుద్దనేల ఏరు – ట్రౌట్ చేప:

టెస్ట్ నది హాంప్‌షైర్‌లోని ఆష్ గ్రామసమీపంలో పుట్టి, సుమారు 64 కిలోమీటర్లు ప్రవహించి సౌతాంప్టన్ వద్ద సముద్రపుపాయలో కలుస్తుంది. ఇది సుద్దనేల ఏరు. వాననీరు సుద్దరాతి పొరల్లోకి ఇంకి, భూగర్భంలో వడకట్టుకొని ఊటలుగా పైకి వస్తుంది. అందువల్ల నీరు అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. వానకు ఒక్కసారిగా పొంగడం, ఎండకు ఒక్కసారిగా ఎండిపోవడం అరుదు. ఊటనీటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉంటుంది. ప్రపంచంలోని ఇటువంటి ఏరుల్లో అత్యధికభాగం ఇంగ్లండ్‌లోనే ఉన్నాయి.

సున్నపు ఖనిజాలు కలిసిన ఈ నీటిలో నాచుమొక్కలు దట్టంగా పెరుగుతాయి. వాటిని ఆశ్రయించి మేఫ్లై, గ్రానమ్ వంటి నీటిపురుగులు జీవిస్తాయి. పిల్లదశను నీటి అడుగున గడిపే ఈ కీటకాలు, ఒక నిర్ణీత ఋతువులో రెక్కలు తొడిగి నీటిపైకి వస్తాయి. ఆ సమయంలో ట్రౌట్ చేపలు పైకి లేచి వాటిని అందుకుంటాయి. ఫ్లై ఫిషింగ్ అనే వేటకు మూలాధారం ఈ దృశ్యమే. వేటగాడు ఈకలు, పట్టుదారం, బొచ్చు మొదలైనవాటిని గాలపుముల్లుకు చుట్టి ఆ కీటకాన్ని పోలిన ‘ఈగ’ను తయారుచేస్తాడు. ఏ ఋతువులో, ఏ పూట, ఏ పురుగు నీటిపై తేలుతుందో తెలియకుండా ఈ వేట సాగదు. కనుక దీనికి చేతి నైపుణ్యంతోపాటు ప్రకృతి పరిశీలన కూడా అవసరమైంది.

3. హౌటన్ క్లబ్ ఆవిర్భావం:

హౌటన్ క్లబ్‌కు కేంద్రం స్టాక్‌బ్రిడ్జ్ అనే చిన్న పట్టణం. 1832 పార్లమెంటు సంస్కరణల వరకు ఈ పట్టణం ఇద్దరు సభ్యులను పార్లమెంటుకు పంపేది. ఓట్లను డబ్బుకు కొనే చోటుగా దానికి అపకీర్తి ఉండేది. నదికి ఆనుకొని ఉన్న ఈ పట్టణంలో, 1822లో కొందరు మతాధికారులు, భూస్వాములు, వృత్తినిపుణులు కలిసి క్లబ్‌ను స్థాపించారు. పట్టణంలోని గ్రోవ్‌నర్ హోటల్ దానికి సమావేశస్థలమైంది.

నదిలో వేటాడే హక్కును సభ్యులు తొలుత కౌలుకు తీసుకున్నారు. ఆంగ్ల న్యాయసంప్రదాయంలో సముద్రపు పోటు చేరే మేరకు నదిలో చేపలు పట్టే హక్కు ప్రజలందరిదీ. పోటు చేరని ఎగువభాగంలో ఆ హక్కు ఒడ్డున ఉన్న భూయజమానికి చెందుతుంది. పారే నీరు ఎవరి సొత్తూ కాదు, స్వేచ్ఛగా తిరిగే చేప కూడా పట్టుబడేవరకు ఎవరి సొత్తూ కాదు. పట్టే హక్కు మాత్రం సొత్తే. భూమిని ఉంచుకొని ఆ హక్కును విడిగా అమ్మవచ్చు, కౌలుకు ఇవ్వవచ్చు. ఈ న్యాయసూత్రం లేకపోతే ఇటువంటి క్లబ్‌కు ఉనికి లేదు.

ఈ హక్కుకు రెండోవైపు శిక్ష ఉంది. పరుల హక్కులో ఉన్న నీటిలో చేపలు పట్టడాన్ని 1861 నాటి లార్సెనీ చట్టం నేరంగా పరిగణించింది. పట్టపగలు గాలంతో పట్టినవారికి తక్కువ శిక్షను, ఇతర పద్ధతుల్లో పట్టినవారికి ఎక్కువ శిక్షను నిర్దేశించింది. ఒకే చేప, ఒకే నీరు అయినా, పట్టిన సాధనాన్నిబట్టి నేరతీవ్రత మారడం గమనార్హం. వినోదవేట మర్యాదగా, కడుపు కోసం వేసే వల దొంగతనంగా భావించే దృష్టి ఆ చట్టంలో కనిపిస్తుంది.

స్టాక్‌బ్రిడ్జ్‌లోనే దీనికి భిన్నమైన ఆస్తిసంప్రదాయం కూడా నిలిచి ఉంది. పట్టణం పక్కన నదీతీరంలోని ‘కామన్ మార్ష్’ అనే పచ్చికబయలు ఉమ్మడి మేతభూమి. నేడు అది నేషనల్ ట్రస్ట్ అధీనంలో ఉంది. గట్టు మీద పశువుల మేత ఉమ్మడి హక్కు కాగా, గట్టు కింది నీటిలో చేపలవేట ప్రత్యేక హక్కు. ఈ రెండూ పక్కపక్కనే ఉండటం ఆంగ్ల గ్రామీణ చరిత్ర స్వభావాన్ని తెలుపుతుంది.

4. వృత్తాంతగ్రంథం – ‘సంప్రదాయం’ వాస్తవికత:

క్లబ్ సభ్యులు తొలినాళ్ల నుంచి వృత్తాంతాన్ని రాసిపెట్టారు. వాతావరణం, నీటిస్థితి, పురుగుల రాక, పట్టిన చేపలు, వాటి బరువులు అందులో నమోదయ్యాయి. 1822 నుంచి 1908 వరకు గల ఈ వృత్తాంతాన్ని సర్ హెర్బర్ట్ మాక్స్‌వెల్ పరిష్కరించి 1908లో ప్రచురించాడు. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ ఈ క్లబ్ సభ్యుడు. మరొక సభ్యుడైన రిచర్డ్ పెన్ 1833లో వేటగాళ్లకు సూక్తులతో కూడిన హాస్యగ్రంథాన్ని వెలువరించాడు.

ఈ వృత్తాంతానికి గల విలువ రెండు విధాలు. మొదటిది పర్యావరణ చరిత్రకు సంబంధించినది. ఒకే నదిభాగంలో, ఎనభై ఏళ్లకు పైగా, ఏటేటా రాసిన లెక్కలు ఏ ప్రభుత్వశాఖా అప్పట్లో సేకరించనివి. అవి వేటగాళ్లు తమ సరదా కోసం రాసుకున్న లెక్కలే. అయినా పురుగులు పలచబడిన కాలాన్ని, చేప తగ్గిన కాలాన్ని అంచనా వేయడానికి చరిత్రకారుడికి ఉపకరిస్తాయి. ‘ఎంత పట్టారు’ అన్నది నమోదైనంత వివరంగా ‘ఎంత ఉంది’ అన్నది నమోదు కాదు కనుక, ఆ పరిమితిని గుర్తుంచుకొని వాటిని వాడుకోవలసి ఉంటుంది.

రెండవది సంప్రదాయం అనే భావనకు సంబంధించినది. నీటిపై తేలే కృత్రిమ ఈగతో, ఎగువదిక్కుగా మాత్రమే, కంటికి కనిపించిన చేపకు మాత్రమే గాలం వేయాలనే నియమం టెస్ట్ నదికి అనాదిగా వస్తున్నదని తరవాతికాలం వేటగాళ్లు భావించారు. తొలితరం సభ్యులు ఆ పద్ధతికి కట్టుబడలేదు. తేలికైన పట్టుదారాన్ని గాలికి వదిలి, దాని చివర బతికున్న మేఫ్లైని కట్టి నీటిమీద ఆడించే ‘బ్లో లైన్’ పద్ధతిని వారు వాడారు. అంటే తరవాత నిషిద్ధమైన సహజమైన ఎరనే తొలితరం మర్యాదగా భావించింది. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ 1983లో ప్రతిపాదించిన ‘కల్పిత సంప్రదాయం’ అనే భావనకు ఇది చక్కని ఉదాహరణ.

5. తేలే ఈగ – నియమం, వివాదం:

ఈ నియమానికి శాస్త్రరూపం ఇచ్చినవాడు ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ (1844–1914). తన మిత్రుడు మారియట్ సహకారంతో టెస్ట్ నదీతీరంలో పురుగులను సేకరించి, పరిశీలించి, వాటికి సరిపోయే ఈగలను రూపొందించాడు. తేలే ఈగల తయారీని వివరించే గ్రంథాన్ని 1886లో, వాటితో వేటాడే విధానాన్ని సిద్ధాంతీకరించే గ్రంథాన్ని 1889లో ప్రచురించాడు. హాల్ఫర్డ్ పరిశీలన నిశితమైనది. ఆయన అనుయాయుల చేతుల్లో మాత్రం ఆ పరిశీలన శాసనమైంది. అనేక ప్రైవేటు నదిభాగాల్లో తేలే ఈగ తప్ప మరొకటి వాడరాదనే కట్టుబాటు ఏర్పడింది.

దీన్ని ప్రశ్నించినవాడు జి.ఇ.ఎమ్. స్క్యూస్ (1858–1949). వృత్తిరీత్యా న్యాయవాది అయిన స్క్యూస్ టెస్ట్‌కు పొరుగున ఉన్న ఇచిన్ నదిపై దీర్ఘకాలం వేటాడాడు. ట్రౌట్ తన ఆహారంలో ఎక్కువ భాగాన్ని నీటి లోపలే, రెక్కలు రాని పురుగుల రూపంలోనే తీసుకుంటుందని పరిశీలన ద్వారా గ్రహించాడు. ఆ పిల్లదశను పోలిన ‘నింఫ్’ను నీటిలో మునిగేలా వేయడం న్యాయమైన వేటే అని 1910లో వెలువడిన తన గ్రంథంలో వాదించాడు. ఈ వాదం మూడు దశాబ్దాలపాటు కొనసాగి, 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో బహిరంగ చర్చకు దారితీసింది.

ఈగ తేలాలా మునగాలా అన్న చర్చ బయటివారికి అల్పవిషయంగా తోచవచ్చు. దాని వెనుక ఉన్న ప్రశ్న అల్పమైనది కాదు. వేటనియమానికి ఆధారం ప్రకృతి పరిశీలనా, లేక వర్గమర్యాదా? నియమం పట్టుబడిని పరిమితం చేసినంతవరకు అది చేపకు మేలు చేసింది. అదే నియమం పెద్దమనిషిని వేరుచేసి చూపే గుర్తుగా మారినప్పుడు, ప్రకృతిసత్యాన్ని చెప్పినవాడినే తప్పుపట్టింది.

6. నది కాపరుల శ్రమ:

క్లబ్ చరిత్రను సభ్యుల పేర్లతో మాత్రమే రాస్తే అది అసంపూర్ణం. నదిని రోజూ చూసుకున్నది జీతానికి పనిచేసిన కాపరులు. హౌటన్ క్లబ్‌లో విలియం లన్, ఆయన కుమారుడు ఆల్ఫ్రెడ్, మనుమడు మిక్ మూడు తరాలపాటు, దాదాపు వందేళ్లు ఈ బాధ్యత నిర్వహించారు. విలియం లన్ జీవితాన్ని జాన్ వాలర్ హిల్స్ 1934లో ‘రివర్ కీపర్’ అనే పేరుతో గ్రంథస్థం చేశాడు. లన్ రూపొందించిన ‘లన్స్ పర్టిక్యులర్’ అనే ఈగ నేటికీ వాడుకలో ఉంది.

కాపరి పని ఋతువులను అనుసరించి సాగుతుంది. నాచుమొక్కలు పూర్తిగా పెరిగితే నీటి పారుదల ఆగుతుంది, పూర్తిగా తొలగిస్తే పురుగులకు, చేపలకు నీడ పోతుంది. కనుక ఎక్కడ ఎంత కోయాలో నిర్ణయించడం అనుభవంతో వచ్చే విద్య. కోసిన నాచు ప్రవాహంలో కొట్టుకొని వచ్చి దిగువవారి గాలాలకు అడ్డుపడుతుంది. అందువల్ల నది పొడవునా హక్కుదారులందరూ ఒప్పుకున్న తేదీల్లోనే కోత జరుగుతుంది. విడివిడి ముక్కలుగా పంచుకున్న నదిని ప్రవాహం మళ్లీ ఒక్కటిగా చూడమని బలవంతపెట్టిందని ఈ ఏర్పాటు తెలుపుతుంది. పురుగులు గుడ్లు పెట్టడానికి అనువుగా నీటిలో పలకలను కట్టి ఉంచడం లన్ చేపట్టిన మరొక పని.

ఇంత శ్రమతో నిలిచిన నదిని ‘సహజమైన’ నది అనవచ్చునా అనే ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. గోధుమవన్నె ట్రౌట్ ఈ నదికి స్థానికమైనదే. అయితే గ్రేలింగ్ అనే చేప మనుషులు తెచ్చి వదిలినది. ట్రౌట్‌ను తినే పైక్ చేపను కాపరులు ఏరివేశారు. పట్టుబడిని నిలుపుకోవడానికి పెంచిన ట్రౌట్‌ను నదిలో వదలడమూ జరిగింది. కనుక టెస్ట్ నదిలోని ‘అడవితనం’ మనిషి చేయి సోకనిది కాదు, మనిషి పూనుకొని కాపాడినది. ఆ మాటను ఈ అర్థంలోనే గ్రహించాలి.

7. హక్కు న్యాయస్థానానికి చేరిన వేళ:

చేపలవేట హక్కు సొత్తు అయినప్పుడు, ఆ సొత్తుకు నష్టం చేసినవారిపై దావా వేయడానికి వీలుంటుంది. 1897లో ఫిట్జ్‌జెరాల్డ్ వర్సెస్ ఫర్బ్యాంక్ కేసులో అప్పీలు న్యాయస్థానం ఈ విషయాన్ని స్పష్టపరచింది. నదిలో బురదనీటిని వదిలి చేపలను చెదరగొట్టినవారిపై, భూమి తమది కాకపోయినా, వేటహక్కు పొందినవారు దావా వేయవచ్చునని తీర్పు చెప్పింది.

ఈ సూత్రానికి గల శక్తి ఇరవయ్యో శతాబ్ది నడిమికాలంలో వెల్లడైంది. జాన్ ఈస్ట్‌వుడ్ అనే న్యాయవాది 1948లో గాలపువేటగాళ్ల సహకారసంఘాన్ని స్థాపించాడు. నదులను కలుషితం చేసేవారిపై దావాలకు చేయూతనివ్వడం దాని లక్ష్యం. 1953 నాటి న్యాయనివేదికల్లో చేరిన ‘ప్రైడ్ ఆఫ్ డెర్బీ’ కేసు వీటిలో ప్రధానమైనది. పారిశ్రామిక పట్టణమైన డెర్బీలోని గాలపువేటగాళ్ల సంఘం, అక్కడి భూస్వామి అయిన హారింగ్టన్ ప్రభువుతో కలిసి, మూడు పెద్ద సంస్థలపై దావా వేసింది. వాటిలో ఒకటి వ్యర్థాలను వదిలిన రసాయన వస్త్రపరిశ్రమ. రెండవది సరిగా శుద్ధిచేయని మురుగునీటిని వదిలిన నగరపాలక సంస్థ. మూడవది వేడినీటిని వదిలిన విద్యుత్ సంస్థ. ప్రజాప్రయోజనం కోసమే మురుగునీటి వ్యవస్థ నడుపుతున్నామన్న నగరపాలక సంస్థ వాదాన్ని న్యాయస్థానం అంగీకరించలేదు. నిషేధపు ఉత్తర్వు ఇచ్చి, ఏర్పాట్లు చేసుకోవడానికి గడువు మాత్రం కల్పించింది.

హౌటన్ క్లబ్ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ కేసు కీలకం. నదిని కాపాడినది సభ్యుల సంపద మాత్రమే అయితే, డెర్బీ సంఘం గెలవగలిగేది కాదు. గెలిపించినది న్యాయస్థానం గుర్తించిన హక్కు. ఆ హక్కు కొద్దిమంది చేతిలో ఉన్నా, ఒక పట్టణసంఘం చేతిలో ఉన్నా నదికి వాదించే గొంతు ఉంటుంది. అందరినీ గట్టు నుంచి వెళ్లగొట్టడం ఆ గొంతుకు తప్పనిసరి షరతు కాదు.

8. మద్రాసు ప్రెసిడెన్సీ – వేరొక దారి:

ఈ క్లబ్ సంస్కృతి వలసపాలనతోపాటు ప్రయాణించింది. 1864లో ఇచిన్ మొదలైన ఆంగ్లనదుల ట్రౌట్ గుడ్లు మంచులో భద్రపరచి నార్ఫోక్ అనే ఓడలో ఆస్ట్రేలియాకు, అక్కడినుంచి టాస్మేనియాకు చేరాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఫ్రాన్సిస్ డే 1860వ దశకంలో నీలగిరులకు ట్రౌట్‌ను తేవడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. ఇదే డే తరవాత రచించిన ‘ది ఫిషెస్ ఆఫ్ ఇండియా’ గ్రంథంలో చేపల తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. తెలుగు పదకోశ చరిత్రకారులు దీన్ని గమనించవలసి ఉంది. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెచ్.ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ను ప్రచురించాడు.

నీలగిరుల్లో వేటజంతువుల, చేపల రక్షణకు 1877లో ఒక సంఘం ఏర్పడింది. 1879లో మద్రాసు ప్రభుత్వం నీలగిరులకు ప్రత్యేకచట్టం చేసింది. హెచ్.సి. విల్సన్ కృషితో 1907 ప్రాంతంలో రెయిన్‌బో ట్రౌట్ అక్కడి ఏరుల్లో నిలదొక్కుకుంది. అవలాంచిలో గుడ్లు పొదిగించే కేంద్రం ఏర్పడింది. టెస్ట్ నదిలో క్లబ్ కాపాడినది ప్రధానంగా స్థానికమైన చేపను. నీలగిరుల్లో ‘అడవి ట్రౌట్’గా పేరొందినది ఉత్తర అమెరికా మూలం గల చేప.

న్యాయపరమైన తేడా మరింత ముఖ్యమైనది. ఇంగ్లండ్‌లో ఫిట్జ్‌జెరాల్డ్ తీర్పు వెలువడిన 1897లోనే భారతదేశంలో మత్స్యచట్టం అమలులోకి వచ్చింది. మందుగుండుతోను, విషంతోను చేపలను చంపడాన్ని అది నేరంగా ప్రకటించింది. ఎంపిక చేసిన జలాలకు నియమాలు చేసే అధికారాన్ని స్థానిక ప్రభుత్వాలకు అప్పగించింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలూ ఈ చట్టపరిధిలోకి వచ్చాయి. చట్టం లక్ష్యం మంచిదే. అయితే ఒకేసారి వచ్చిన ఈ రెండు పరిణామాల్లో వేటగాడి స్థానం వేరు. అక్కడ అతడు నదికి హాని చేసినవాడిని న్యాయస్థానానికి ఈడ్చగల వాది. ఇక్కడ చట్టం దృష్టిలో అతడు ప్రధానంగా అదుపులో ఉంచవలసిన వ్యక్తి.

9. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా ఈ క్రింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. హౌటన్ క్లబ్ ఆంగ్ల ఆస్తిన్యాయం నుంచి పుట్టిన సంస్థ. చేపను పట్టే హక్కు భూమి నుంచి వేరుపడి కౌలుకు లభించడం దాని ఉనికికి మూలం.

2. తేలే ఈగ నియమం క్లబ్ తొలినాళ్ల నుంచి ఉన్నది కాదు. పందొమ్మిదో శతాబ్ది చివరిభాగంలో రూపొంది, తరవాత ప్రాచీనమైనదిగా గౌరవం పొందింది.

3. టెస్ట్ నదిలోని సహజత్వం తరతరాల కాపరుల శ్రమఫలం. ఆ శ్రమను విస్మరించి రాసే నదీచరిత్ర సమగ్రం కాదు.

4. నదిని రక్షించినది కొద్దిమందికే పరిమితమైన సభ్యత్వం కాదు, నష్టం జరిగినప్పుడు ప్రశ్నించగల హక్కు. డెర్బీ సంఘం ఆ హక్కుతోనే కాలుష్యాన్ని అడ్డుకుంది.

భూగర్భజలాన్ని అధికంగా తోడటం, మురుగునీరు, పొలాల ఎరువులు నేడు సుద్దనేల ఏరులకు ప్రధాన ప్రమాదాలు. ఇవి క్లబ్ గట్టుమీద కాపలాదారు ఆపగలిగినవి కావు. తెలుగునేలపై చెరువుల్లో చేపలుపట్టే హక్కును మత్స్యకార సహకారసంఘాలు కౌలుకు పొందుతున్నాయి. చేప ఎవరు పట్టాలన్న దానిపై వివాదాలు తరచుగా వినిపిస్తాయి. ఆ చెరువులోకి విషం చేరినప్పుడు ఎవరు వాది కాగలరన్న ప్రశ్న అంతగా వినిపించదు. హౌటన్, డెర్బీ చరిత్రలను కలిపి చదివినప్పుడు, పట్టే హక్కుతోపాటు నీటి పక్షాన నిలబడే హక్కు కూడా ఆ సంఘాలకు ఎంతవరకు ఉందో పరిశీలించవలసిన అవసరం స్పష్టమవుతుంది.